ఒక్కతే పోయి చెప్పిన మనిషి

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, మల్దకల్ దగ్గరి మా పల్లె క్రైస్తవ మందిరంలో, ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ మా వదిన లేచింది. గట్టి మాట చెప్పేముందు కొంగు తలమీదికి లాక్కోవడం ఆమె అలవాటు.

మా పాస్టరు అయ్యగారు, మేమంతా అమ్మగారని పిలిచే తన భార్యను కొట్టేవాడు. తప్పు చేసినవాడికి మొదట ఒంటరిగా చెప్పాలనీ, వినకపోతే సాక్షితో పోవాలనీ, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలనీ బోధించింది ఆయనే. వదిన ఒకసారి ఒక్కతే పోయి చెప్పింది. మరోసారి నన్ను తీసుకుపోయింది.

“అయ్యగారూ, అమ్మగారి మీద చెయ్యెత్తొద్దని చెప్పిన. మీరు ఇనలే,” అంది ఇప్పుడు సంఘమంతటి ముందు.

సంఘపెద్ద నవ్వాడు. “మొగుడు లేనిదానివి, ఒక్కదానివే ఆయనింటికి ఎందుకు పోయినవ్?”

“వాక్యం గట్లనే పొమ్మన్నది గద, పెద్దయ్యా.”

అందరూ నవ్వారు. అమ్మగారి కమిలిన చేయి నేనూ చూశానన్నాను. సంఘపెద్ద అమ్మగారినే అడిగాడు. “నేనే జారి పడ్డ,” అంది అమ్మగారు.

వదినతో ఇంటికి పోయే దారిలో నేను అమ్మగారిని తిట్టాను. “పొద్దుమూకితే ఆమె ఆ ఇంటికే పోవాలె గద, మరిదీ,” అంది వదిన.

వదినను మళ్లీ మందిరానికి రానివ్వలేదు. తర్వాత ఆమె చనిపోతే ప్రార్థన చేయడానికీ ఎవరూ రాలేదు.

ఆ మట్టల ఆదివారం మందిరంలో ఉన్నది అయ్యగారు, అమ్మగారు, సంఘపెద్ద దావీదు, ఆయన భార్య మార్తమ్మ, పాటలు పాడే సుగుణ, అయ్యగారి గోడ పక్కనే ఉంటూ అమ్మగారి ఏడుపు రోజూ వినే ఏసోబు, నేను, మా వదిన.