బొంతయ్యను చంపిన పాపం

కంటి ఆపరేషను అయ్యాక నెలరోజులు పుస్తకం ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ నెల ఎలా గడిచి ఉంటుందో మీలో కంటి పొర తీయించుకున్నవారికి నేను వేరే చెప్పనక్కర లేదు. గడువు తీరిన మర్నాడే హిందూపురంలో కాలేజీ మైదానంలో పెట్టిన పుస్తకాల ప్రదర్శనకు వెళ్ళాను. అక్కడ పోటీపరీక్షల పుస్తకాల గుట్ట వెనక ఒక అట్టపెట్టెలో 'నీలిశిల రాజ్యం' ఏడు భాగాలూ కొత్త అట్టలు తొడుక్కుని కనబడేసరికి, చిన్నప్పుడు విడిపోయిన బంధువులెవరో ఒక్కసారిగా ఎదురైనట్టయింది. పెట్టె మోసుకొచ్చింది మా ఆయనే. ఇంట్లో దింపి, నడుం పట్టుకుని, "ఈ వయసులో నీకు రాకాసులతో ఏం పనే" అని మాత్రం అన్నారు.

పది రోజుల్లో ఏడు భాగాలూ చదివేశాను.

మీలో చాలామంది ఆ రోజుల్లో ఇలాంటి జానపద నవలలు మింగినవారే కాబట్టి కథ క్లుప్తంగా చెబితే చాలు. ధవళకేతుడనే రాకుమారుడు ఒక మాంత్రికుడి కోటలో ఉన్న నీలిశిలను తేవడానికి బయలుదేరతాడు. అతని వెంట మూటలు మోయడానికి బొంతయ్య అనే పిరికివాడు ఒకడుంటాడు. పదకొండేళ్ళ వయసులో నాకు రాకుమారుడంటే ప్రాణం, బొంతయ్యంటే ఒళ్ళుమంట. రాకుమారుడు కత్తి దూయబోయే ప్రతిచోటా ఈ మనిషి తుమ్మడమో, మూట జారవిడవడమో, ఏకంగా పారిపోవడమో చేస్తాడు. కొన్నేళ్ళ తర్వాత నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు మా ఎద్దు తల విదిలించినందుకే గబుక్కున అరుగెక్కి నిలబడితే, నాకు ధవళకేతుడు రాసిపెట్టి లేదని ఆ క్షణానే తెలిసిపోయింది. పెట్టె మోసుకొచ్చిన ఆయనే ఈయన.

అప్పుడు మేం పెనుకొండలో ఉండేవాళ్ళం. నాయనకు ఊరి బయట మెట్టపొలాలుండేవి, ఏటా వేరుసెనగ, మా వైపు మాటలో బుడ్డలు, వేసేవాడు. యంత్రంలో వేస్తే పప్పు చీలి మొలక రాదని, విత్తనపు కాయలు చేత్తోనే ఒలిపించేవారు. తొలకరికి ముందు ప్రతి ఇంటి అరుగు మీదా పదిమంది ఆడవాళ్ళు చాటలు ముందేసుకుని కూర్చునేవారు. ఆ ఆడవాళ్ళ కోసం ఇళ్ళవాళ్ళ మధ్య పోటీ ఉండేది. ఆ యేడు మాత్రం అందరూ మా అరుగుకే వచ్చారు. కారణం మా అవ్వ. అవ్వకు అక్షరం రాదు, కానీ కథంటే చెవి కోసుకుంటుంది. సెలవుల్లో మధ్యాహ్నం పూట నన్ను స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, గ్రంథాలయం నుంచి తెచ్చిన నీలిశిల రాజ్యం గట్టిగా చదివించేది. వినడానికొచ్చినవాళ్ళ చేతులు వాటంతటవే ఆడేవి. కథల పుస్తకాలంటే చదువు చెడగొట్టే పురుగులని తిట్టే నాయన, మా కాయలు వీధిలో అందరికంటే ముందు తరగడం చూసి, ఎండలో గొంతు ఎండిపోతుందని నాకు మజ్జిగ ఇప్పించడం మొదలుపెట్టాడు.

ఐదో భాగం చివర రాకుమారుడు లోయ మీద తాళ్ళవంతెన దాటుతుంటే వంతెన తెగుతుంది. అతను ఒకే ఒక తాడు పట్టుకుని వేలాడుతుంటాడు. ఆ తాడు రెండో కొస గట్టు మీదున్న బొంతయ్య చేతిలో ఉంటుంది. అక్కడ భాగం అయిపోయింది. ఆరో భాగం కోసం పరిగెత్తితే, దాన్ని తీసుకున్న టీచరమ్మ ధర్మవరానికి బదిలీ మీద వెళ్ళిపోయిందని, పుస్తకం కూడా ఆమెతోనే వెళ్ళిందని గ్రంథాలయంలో చెప్పారు.

ఒట్టి చేతులతో ఇంటికి వస్తే అరుగు మీద పదిమంది నా ముఖంలోకే చూస్తున్నారు. ఆరోది దొరకలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అసలు నిజం చెప్పాలంటే, ఆ మజ్జిగ మీదా, అందరూ నన్నే చూడటం మీదా నాకు రుచి పుట్టింది. ఇంట్లోనే ఉన్న ఐదో భాగాన్ని చేతిలో పట్టుకుని, పేజీలు తిప్పుతూ, ఆరో భాగం నేనే చదివేశాను. పగ్గాలు చేతికొచ్చాక మొదట చేసిన పని బొంతయ్యను చంపడం. వాడు భయంతో తాడు వదిలేశాడని, కాలు జారి తనే లోయలో పడి చచ్చాడని, ధవళకేతుడు మాత్రం సొంత భుజబలంతో ఎగబాకి వచ్చాడని చదివి, దమ్ము తీసుకోవడానికి ఆగాను.

ఒకామె చాట పక్కన పెట్టి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంకొకామె లేచి, తలనొప్పిగా ఉందని ఇంటికి పోయింది. కాసేపటికి ఒక్కొక్కరే లేచారు. మర్నాడు ముగ్గురే వచ్చారు, ఆ మర్నాడు ఎవరూ రాలేదు. అవ్వ మాత్రం కదలకుండా కూర్చుంది, కానీ ఒక్క కాయ ముట్టలేదు. మబ్బులు చూసుకుంటూ పొలం నుంచి వచ్చిన నాయనకు మూటలు మూటలుగానే కనబడ్డాయి.

"ఏమ్మా, బుడ్డలు అట్లే ఉండాయి. రేపు వాన పడితే ఏం ఇత్తేది?" అన్నాడు.

"మనిషి చచ్చినాడని అందరూ బాధలో ఉండారు" అంది అవ్వ.

నాయన తలగుడ్డ తీసి చేతిలోకి తీసుకున్నాడు. ఎవరు పోయారో, ఏ వీధో, శవం ఎత్తుబడి అయిందో లేదో అడిగాడు. పోయినవాడు మూటలు మోసే బొంతయ్య అని తెలిశాక తలగుడ్డ మళ్ళీ తలకు చుట్టుకున్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు చదివింది పుస్తకంలో ఉండాదా పాపా?" అని అడిగింది. ఉందన్నాను. అవ్వ నన్ను కోప్పడలేదు, నిదానంగా చెప్పుకొచ్చింది. "వాడు పిరికోడే, కాదనను. మొదటి దాంట్లో పామును చూసి పరిగెత్తినోడు మూడు దినాలకు గానీ తిరిగి రాలా. రెండో దాంట్లో పొద్దు గూకేలోగా వచ్చినాడు. మొన్న అడవిలో అయితే పది అడుగులు గూడా పోలా, మళ్ళుకున్నాడు. అట్లా మళ్ళుకుంటా వచ్చేటోడు ఇప్పుడు తాడిడిసి యాడికి పోతాడు? ఇది రాసినాయన రాసింది కాదు. నీది."

నేను ఏడ్చి, అసలు ఆరో భాగం ధర్మవరంలో టీచరమ్మ దగ్గర ఉందని ఒప్పుకున్నాను. నాయన కోపంతో ఊగిపోయాడు, కానీ ఆకాశంలో మబ్బు ఆయన కోపం కంటే నల్లగా ఉంది. మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ధర్మవరం ప్యాసింజరు ఎక్కించాడు.

ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య సందులన్నీ తిరిగి టీచరమ్మ ఇల్లు పట్టుకున్నాం. మీసాలున్న రైతు, పరాయి ఆడమనిషి ఇంటి ముందు నిలబడి మాయల మంత్రాల పుస్తకం కావాలని ఎలా అడుగుతాడు? నాయన గొంతు సవరించుకుని, "ఒక పుస్తకం కావల్లమ్మా, ఇత్తనాల పని నిలిచిపోయింది" అన్నాడు. ఆవిడ ఎంతో గౌరవంగా లోపలికి వెళ్ళి మెట్టపంటల పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది. నాయన దాన్ని తీసుకుని దండం పెట్టి తిరిగి కూడా బయలుదేరాడు. నేనే ఆయన పంచె లాగి, ఆవిడతో అసలు సంగతి చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆరో భాగం హిందూపురంలో ఉన్న తన చెల్లెలి దగ్గర ఉందట.

ఆ మర్నాడు హిందూపురం. చెల్లెలుగారికి ఇంకా ఇరవై పేజీలు మిగిలాయి. అవి పూర్తయ్యేదాకా పుస్తకం ఇవ్వనని తలుపు చాటునుంచే చెప్పింది. ఆవిడ భర్త తలదించుకుని మాకు కాఫీ తెచ్చాడు. ఎవరి కోసమూ పది నిమిషాలు ఆగని మా నాయన, ఆ వసారాలో ఒక కథ పూర్తయ్యేదాకా బుద్ధిగా కూర్చున్నాడు. చివరికి ఆవిడ ఎర్రబడిన కళ్ళతో వచ్చి పుస్తకం చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ కళ్ళు చూశాకే నాయనకు అందులో ఏముందోనని అనుమానం పుట్టి ఉంటుంది.

బండి కదలగానే, చినిగిపోయిందేమో చూద్దామంటూ మొదటి పేజీ తెరిచాడు. నాయన చదువుతుంటే పెదాలు కదిలేవి. నేను ఆయన మోచేతి పక్కనుంచి తొంగి చూస్తూ నాలుగు లైన్లు ముందే ఉండేదాన్ని, ఆయన పేజీ ఎప్పుడు తిప్పుతాడా అని పళ్ళు కొరుక్కునేదాన్ని. పెనుకొండ కొండ కిటికీలో కనబడింది. స్టేషనూ వచ్చింది. నేను చూశాను. కానీ అప్పుడే బొంతయ్య తాడును నడుముకు చుట్టుకుని, బండరాయికి కాళ్ళు తన్నిపెట్టి, భయంతో కళ్ళు మూసుకుని పెద్దగా ఏడుస్తూ, తాడు మాత్రం వదలకుండా ఉన్నాడు. నేను నోరు తెరవలేదు. బండి కదిలింది. నాయన తలెత్తి చూసేసరికి, నిన్న దిగిన ధర్మవరంలోనే మళ్ళీ ఉన్నాం.

ఇంటికి వచ్చాక అవ్వ ఆలస్యమెందుకైందని అడిగితే, నాయన గోడవైపు చూస్తూ, "బండి పెనుగొండలో నిలబడలా" అన్నాడు. మర్నాడు అరుగు నిండింది. నేను రాకుమారుడి కోసం బొంతయ్య పేజీలు రెండు గబుక్కున దాటేస్తే, లోపల తలుపు వెనకనుంచి నాయన దగ్గాడు. నేను వెనక్కి వచ్చి చదివాను. విత్తనం పని ముగిసిన రెండో రోజున వాన పడింది.

ఇప్పుడు ఇన్నేళ్ళకు మళ్ళీ చదివితే, నా ధవళకేతుడు మొదటి పేజీలో ఎలా ఉన్నాడో చివరి పేజీలోనూ అలాగే ఉన్నాడు. అవే భుజాలు, అవే గంభీరమైన మాటలు. పాపం, ఏడు భాగాలు తిరిగినా ఆ అబ్బాయి ఒక్క కొత్త విషయం నేర్చుకోలేదు. ఎదిగినవాడు బొంతయ్య ఒక్కడే, అదీ రచయిత ఒక్కసారిగా ఎదిగించలేదు. పారిపోయిన ప్రతిసారీ కాస్త తక్కువ దూరం పోనిచ్చాడు. ఏడో భాగంలో కోట వాకిట్లో అందరూ వెనక్కి తగ్గినప్పుడు, మోకాళ్ళు కొట్టుకుంటూనే ముందుకొచ్చి నిలబడేది వాడే. నేను ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు పాఠాలు చెప్పి, ఇప్పుడు కళ్ళు బాగుచేయించుకుని కనిపెట్టిన సంగతిని, అవ్వ కాయలు ఒలుస్తూ చెవులతోనే పట్టుకుంది.

ఇది ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. అవ్వ లేదు, నాయన లేడు. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళలో మిగిలింది ఒకే ఒక్క ఆమె. నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని, ఇప్పుడు చిలమత్తూరులో కూతురి దగ్గర ఉంటోంది. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నన్ను గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. బాగోగులన్నీ అయ్యాక తనే అడిగింది. "నేను ఆ యేడు కాన్పుకు పుట్టింటికి పోతిని గదా పాపా. కడ పుస్తకం వినలా. బొంతయ్య ఏమాయె?"

ఇన్నేళ్ళూ ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పేయబోయి నాలుక కరుచుకున్నాను. ఇంత ఓపిక పట్టిన మనిషికి రెండు ముక్కల్లో చెప్పేయడం న్యాయం కాదనిపించింది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఫోను స్పీకరులో పెట్టి, ఏడో భాగం కొంచెం కొంచెంగా చదువుతున్నాను. మా ఆయన వార్తాపత్రిక అడ్డం పెట్టుకుని వింటున్నారు, పేజీ మాత్రం తిప్పడం లేదు.

అప్పుడైతే ముఖాలు చూస్తూ చదివేదాన్ని. ఎవరి చెయ్యి ఆగిందో, ఎవరి కన్ను చెమ్మగిల్లిందో తెలిసేది. ఇప్పుడు పుస్తకం మొత్తం చేతిలో ఉంది, కళ్ళు కూడా కొత్తగా ఉన్నాయి, కానీ అవతల ఏం జరుగుతోందో తెలియదు. ప్రతి పేజీ చివరా ఆగి, "చిన్నమ్మా, వింటాండావా?" అని అడగాల్సి వస్తోంది. కాసేపు ఏమీ వినబడదు. తర్వాత ఎక్కడో దూరం నుంచి, "ఊఁ, చదువు" అంటుంది.