మొప్పలు లేని చేప

చిన్నపొన్ను ఏనాడూ అంగడివాడి మాట నమ్మి చేప కొనలేదు. మొప్పలెత్తి ఎరుపు చూసేది, కన్ను చూసేది, చివరికి ముక్కు దగ్గర పెట్టుకునేది. కరోనా వచ్చి పోయాక ఆమెకు వాసన తెలియకుండా పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ళు ఇటుకలు మోసిన మనిషికి వంటలోనే కాస్త గౌరవం మిగిలింది మరి. అప్పటినుంచి మొదటి ముక్క పిల్లికి వేసి చూసేది.

పోయిన నెల భర్త గోవిందరాజ్ గొంతులో ముల్లు ఇరుక్కుంది. అందుకని కోడలు సత్య ముల్లు తీసిన తెల్ల చేపముక్కలు కొని, హోసూరు నుంచి మధ్యాహ్నపు ఎండలో బస్సులో తెచ్చింది.

"తలా లేదు, మొప్పా లేదు. మొగమే లేనిదాన్ని ఏమని చూసేది?" అని చిన్నపొన్ను విసుక్కుంది. పిల్లి కోసం వాకిట్లోకి చూసింది. రాలేదు. భర్త ఆకలని అరుస్తున్నాడు. ఉప్పు, పసుపు, మిరియాలు రాసి వేయించి పెట్టింది.

అప్పుడొచ్చింది పిల్లి. మిగిలిన పచ్చిముక్క వేసింది. పిల్లి ఒక్కసారి ముక్కు ఆనించి మూచూసి, వెనక్కి వెనక్కి నడిచి గోడ దూకింది.

లోపల్నుంచి గోవిందరాజ్ తృప్తిగా పిలిచాడు.

"ముల్లే లేదు మే! నీ వంతు కూడా నేనే తినేసినాను."