పనస గింజల వరూధిని గారు

మా వరూధిని గారి కంటపడ్డ పనస గింజ చెత్తబుట్టకు చేరిన దాఖలా లేదు. రోడ్డు మీద ఎవరైనా తొన నోట్లో వేసుకుంటే, నమిలేదాకా ఎదురుగా నిలబడి గింజ అడిగి తీసుకునేవారు. తమాషా ఏమిటంటే, పనసపండు వాసనే ఆవిడకు గిట్టదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ పోగేసేవారు.

తొంభైల చివర బెంగళూరులో ఇద్దరం ఒకే ప్రయోగశాలలో పనిచేసేవాళ్లం. ఆవిడ పరిశోధన క్యాన్సర్ మీద. గింజలెందుకని అడిగినవాడి పని అయిపోయినట్టే.

"కణం పైనున్న ప్రొటీన్లకు చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. మంచి కణం గొలుసును పూర్తిగా అల్లుతుంది. క్యాన్సర్ కణం చాలాసార్లు సగంలో వదిలేస్తుంది. ఆ మొండి గొలుసులే దానికి ఒళ్లంతా పాకడానికి సాయం చేస్తాయి. పనస గింజలో ఒక ప్రొటీనుంది, ఆ మొండిని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు!"

"అయితే చక్కెర మానేస్తే సరిపోతుందా అమ్మా?" అన్నాడు మా గుమస్తా బాలరాజు.

"నీ కాఫీలో చక్కెర కాదయ్యా!" అని ఆవిడ మళ్లీ మొదటినుంచీ అందుకున్నారు. ఆ రోజు బాలరాజు మధ్యాహ్నం భోజనం సాయంత్రం చేశాడు.

కాటన్‌పేటలో ఓ పెళ్లికి వెళితే విందులో పనస తొనలు వడ్డించారు. ఆవిడ సంచి పట్టుకుని బంతి చివర కాపుకాశారు. పెళ్లికూతురి తండ్రి కంగారుపడి, "కూసోండమ్మా, మీకూ ఆకు ఏస్తాము" అన్నాడు. "మీరు తినండి, నాకు గింజలు చాలు" అన్నారీవిడ. పెళ్లికొడుకు హడలిపోయి నోట్లో గింజ తీసి ఇచ్చేశాడు.

మా గేటు ముందు నంజమ్మ తోపుడుబండి మీద తొనలు అమ్మేది. వరూధిని గారు రోజూ అక్కడే. ఒకరోజు ఫ్రీజర్ తెరిస్తే గింజల సంచులు నా కాళ్ల మీద పడ్డాయి.

"ఏడాది ప్రయోగాలకు ఇందులో సగం చాలు కదండీ, ఇంకా ఎందుకు?" అని విసుక్కున్నాను.

ఆవిడ గొంతు తగ్గించారు. "నంజమ్మ రొమ్ములో గడ్డ ఉంది దామోదర్. ఆస్పత్రికి రమ్మంటే రాదు. గింజల వంక లేకపోతే రోజూ వెళ్లి ఎలా పోరను? తోడుగా మీ భారతిని పంపగలరా?"

నా చిరాకంతా ఎటుపోయిందో తెలీదు. మర్నాడు నేనూ, మా ఆవిడ భారతీ వెంట వెళ్లాం.

"నొప్పి లేదమ్మా, వట్టి గడ్డ ఉండాది" అంది నంజమ్మ.

"నొప్పి లేకపోయినా చూపించుకోవాలి" అన్నారు వరూధిని గారు.

"మీ గింజల మందే ఇయ్యరాదా?"

"అది మందవుతుందో లేదో నాకే తెలీదు. డాక్టర్లు ఇవాళే ఉన్నారు. పద."

"బండి ఎవురు సూస్తారు? గిరాకీ పోతాది."

"నేను చూస్తాను. లే!"

భారతి ఆమెను ఆటో ఎక్కించింది. వరూధిని గారు ముక్కుకు రుమాలు కట్టుకుని కాయ కోశారు. జిగురు చేతులకీ, కళ్లజోడుకీ, జుట్టుకీ అంటుకుంది. అటుగా వచ్చిన మా డైరెక్టరు గారు నోరు తెరిచారు.

"తొనలు కావాలా? తిని గింజలు ఇక్కడ పడేయండి" అన్నారీవిడ. ఆయన తిని, గింజలు అక్కడే పడేశారు.

పరీక్షలు పూర్తయ్యేదాకా ఆవిడే బండి నడిపారు. గడ్డ క్యాన్సరే. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి ఆపరేషన్ చేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందన్నారు డాక్టర్లు. ఆ కబురుతో వచ్చి నంజమ్మ బండి పక్కన కూలబడింది.

"ఆపరేసనంటే శానా దినాలు బండి ఇడిసిపెట్టాల. నేను పోను."

వరూధిని గారు పళ్లు బిగించి ఇంకో కాయ మీద కత్తి వేశారు. కాయ ఒరిగింది, తొనలు నలిగాయి. నంజమ్మ కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక లేచి కత్తి లాక్కుంది.

"అయ్యో, ఇట్ల కోస్తారా ఎవురన్నా? నేను ఆస్పత్రి నుంచి వచ్చేదాకా ఒక్క గిరాకీ అన్నా మిగలద్దా? ఇట్ల రా. జిగురు అంటకుండా ముందు కత్తికి నూనె రాయల్ల. సేతులు సాపు."

వరూధిని గారు బుద్ధిగా రెండు చేతులూ చాపారు. నంజమ్మ సీసా వంచి నూనె పోసింది.