ఎండెక్కాక పరుగు

మా అత్తగారు పొద్దున తొమ్మిదింటికి పరుగుకి బయల్దేరతారు. కంకిపాడులో ఆ వేళకి నడకకి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చి, స్నానాలూ టిఫిన్లూ ముగించి పనుల్లో పడి ఉంటారు. స్కూలు బస్సులు కూడా వెళ్ళిపోతాయి. అప్పుడు ఆవిడ చున్నీ నడుముకి బిగించి, తెల్ల బూట్లు వేసుకుని, కాలవ కట్ట ఎక్కుతారు. ఆ బూట్లకి లేసులుండవు. గవర్నర్‌పేటలో కొన్న రోజునే లేసులు పీకేసి, పైజామాలకి వేసే ఎలాస్టిక్ దూర్చేస్తారు. లేసు ముడి వెయ్యడం ఆవిడ వేళ్ళ వల్ల కాదు.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆవిడతో పాటు కట్ట దాకా వెళ్ళాను. ఎదురింటి పెద్దాయన అరుగు మీద పేపరు మడిచి పలకరించాడు.

"ఏంటి టీచర్ గారూ, మేం నడిచొచ్చి రెండో కాఫీ కూడా తాగేశాం. ఇప్పుడా తమరు బయల్దేరేది?"

"మీ మోకాళ్ళు కోడికూతకే లేస్తాయి బాబాయ్ గారూ. నావి జమీందార్లు. ఎండెక్కితే గానీ లేవవు."

ఆవిడకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. మా ఆయన రెండేళ్ళవాడుగా ఉండగా వచ్చిందట. ఆ జబ్బున్నవాళ్ళకి పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, పొద్దెక్కాక మెల్లగా వదులవుతాయి. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. సుద్దముక్క పట్టుకోలేని రోజుల్లో పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి, తను నోటితో చెబుతూ వాళ్ళ చేత లెక్క చేయించేవారు. డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టారు. ఆ నడక ఎప్పుడు పరుగైందో ఆవిడకే సరిగ్గా గుర్తులేదు. ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నారు. చిన్న చిన్న అడుగులు, చప్పుడు కాని పాదాలు. పక్కనించి సైకిలు మీద వెళ్ళేవాళ్ళు ఆవిడని దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు.

అప్పట్లో అదంతా నాకు ముచ్చటగా ఉండేది, అంతే. దాంతో నాకూ అవసరం పడుతుందని అనుకోలేదు.

పాప పుట్టాక ఇబ్రహీంపట్నంలో మా అమ్మ దగ్గర ఉన్నాను. నాలుగో నెలలో వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు. "తడి ముట్టుకోవద్దే అంటే విన్నావా? గాలి చేరింది," అంది అమ్మ. చెవుల్లో దూది పెట్టింది. పెరుగు మానిపించింది. మూడు పూటలా వెల్లుల్లి కారం, పడుకునే ముందు కాపడం. ఇంజనీరింగ్ చదివిన నేను కూడా నమ్మాను. బాలింతకి నొప్పులు రావడం, కొన్నాళ్ళకి అవే పోవడం మా ఇళ్ళల్లో ఎప్పుడూ వినేదే కదా.

అత్తగారు మనవరాలిని చూడ్డానికి వచ్చిన రోజున నేను పాపని ఉయ్యాల్లోంచి తీశాను. వేళ్ళతో పట్టుకోలేక, ముంజేతులు రెండూ కిందకి పోనిచ్చి ఎత్తాను. ఆవిడ చూశారు. అమ్మ కాఫీ కలపడానికి వెళ్ళేదాకా ఆగి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని కణుపులు ఒక్కొక్కటీ మెల్లగా నొక్కారు.

"పిడికిలి ఎన్నింటికి పడుతోంది అమ్మాయ్?"

"తొమ్మిదవుతుందండీ."

ఆవిడ నా వేళ్ళు మెల్లగా ముడిచి చూశారు. తర్వాత, "ఇది గాలి కాదు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నారు.

రిపోర్టుల్లో నాదీ ఆవిడ జబ్బేనని తేలాక అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, "కూతురికి తల్లి పోలిక రావాలి గానీ, కోడలికి అత్తగారి పోలిక రావడం నేనెక్కడా చూళ్ళేదు వదినగారూ," అంది. అత్తగారు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను ఆవిడ చేతుల్నే చూస్తున్నాను. నాలుగు వేళ్ళూ గాలికి ఒరిగిన వరి కంకుల్లా ఒక పక్కకి వాలి ఉంటాయి. నా చేతులు కూడా అలాగే అవుతాయని, నా పిల్లకి జడ వెయ్యలేనని, అది ఎత్తుకోమని చేతులు చాపితే ఎత్తుకోలేనని అనిపించింది. ఇప్పటికీ ఆ భయం పూర్తిగా పోలేదు. పాపని నిద్రపుచ్చి ఇది రాస్తున్నప్పుడు కూడా మధ్యమధ్యలో వేళ్ళు ముడిచి చూసుకుంటున్నాను.

మందులతో వాపు తగ్గింది. నడవమని, ఒళ్ళు సహిస్తే నిదానంగా పరిగెత్తవచ్చని డాక్టరు చెప్పారు. అమ్మ మాత్రం ఫోన్లో, "వద్దే తల్లీ, కీళ్ళు అరిగిపోతాయి," అంది. నిజానికి నా భయమూ అదే. మిగిలిన కాస్త ఆరోగ్యాన్నీ పాప కోసం దాచుకోవాలి, పరుగులు పెట్టి పాడుచేసుకుంటే ఎలా?

మొన్న కంకిపాడు వెళ్ళినప్పుడు ఆ మాటే ఆవిడతో అన్నాను. కట్ట మీద నడుస్తున్నాం. పాప ఇంట్లో వాళ్ళ నాన్న దగ్గరుంది.

"దాచుకుంటే దాగదమ్మాయ్, ఇది," అన్నారు. "మొదట్లో నేనూ రెండేళ్ళు మంచం దిగితే అరిగిపోతానన్నట్టు ఉన్నా. కాళ్ళు సన్నబడ్డాయి, నొప్పి మాత్రం తగ్గలా."

"మరి ఆయన్ని ఎత్తుకునేవారా, చిన్నప్పుడు?"

నన్ను ఓదార్చడానికి అబద్ధం చెబుతారేమో అనుకున్నాను.

"కొన్ని రోజులు ఎత్తుకోలా. వచ్చి ఒళ్ళో కూర్చోరా అనేదాన్ని. ఏం, తక్కువ పెరిగాడా? మొన్న లిఫ్టులో వాడెక్కితే ఓవర్‌లోడని మోగిందని నువ్వే చెప్పావుగా."

నవ్వుతూనే పరుగు అందుకున్నారు. నేను నడుస్తూ ఉండిపోయాను. కుడివైపు వరి కోసేసిన పొలాల్లో మినుము పచ్చగా ఉంది. ఆవిడ వీపు నెమ్మదిగా చిన్నదవుతోంది.

"అత్తయ్యగారూ, ఆగండి!"

"ఆగనమ్మా! ఆగితే మళ్ళీ బిగుసుకుంటాయి. నువ్వే రా!"

ఆగలేదు గానీ అడుగులు ఇంకా చిన్నవి చేశారు, అది కనిపించింది. నేనూ పరుగందుకున్నాను. చెప్పుకోదగ్గ పరుగేం కాదు నాది. పాదం నేల తాకిన ప్రతిసారీ మోకాల్లో ఏదైనా విరిగిన చప్పుడవుతుందేమోనని చెవులు రిక్కించుకుని పరిగెత్తాను. ఆవిడ పక్కకి చేరేసరికి రొప్పుతున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు, మెచ్చుకోలేదు. "మాట్లాడగలుగుతున్నావా? అయితే సరే. మాట రాకపోతే నడువు," అన్నారు. తూము దాకా వెళ్ళాం. అక్కడ ఆవిడ ఉన్నట్టుండి వెనక్కి తిరిగారు. రోజూ వెళ్ళే వంతెన ఇంకా ముందుంది. "ఎడమ మోకాలు ఇవాళ చాలంటోంది," అన్నారు, పక్కనున్న మనిషి ఇంటికి పోదామన్నంత మామూలుగా. ఇన్నేళ్ళుగా పరిగెడుతున్న మనిషి అంత తేలిగ్గా వెనక్కి తిరగడం చూసి, ఈవిడ బలం ఎక్కడుందో అప్పుడు కొంచెం అర్థమైంది.

మర్నాడు కళ్ళు తెరవగానే భయంభయంగా కాళ్ళు కదిపాను. రోజూ ఉండే బిగువే ఉంది. పెరగలేదు, తగ్గనూ లేదు. పాప డైపరుకి అంటించిన పట్టీ ఊడదియ్యడం చేతకాక మా ఆయన్ని లేపాను. ఆయన గొణుక్కుంటూ మారుస్తుంటే, పాప కాళ్ళు ఆడిస్తూ ఆయన గడ్డాన్ని తన్నింది. వంటింట్లోంచి అత్తగారు కేకేశారు, "అమ్మాయ్, నీ బూట్ల సైజు ఎంత? ఎలాస్టిక్ ఇంకో రెండు మూరలుంది."