కొలత మారని నలభై నిమిషాలు

ఆఫీసులో అందరూ ఆయన్ని చాదస్తం అనేవాళ్లు. చాటుగా కాదు, ముఖం మీదే. "చాదస్తం వచ్చాడా?" "ఆ సంగతి చాదస్తాన్నే అడుగు." ఆయనా పలికేవాడు, అమ్మానాన్నా పెట్టిన పేరే అయినట్టు. కారణం లేకపోలేదు. ఎవరైనా సొరుగు లాగి వదిలేస్తే వెళ్లి మూసేవాడు. కుళాయి కారుతుంటే చేతిలో కాఫీ పక్కన పెట్టి మరీ కట్టేసేవాడు. అలాంటి మనిషి నడిపే సర్వర్‌లో తెరిచినవి మూతపడకుండా ఉండిపోతున్నాయంటే ఎవరు నమ్ముతారు? ఆయనకి తెలుసు. ఎనిమిదేళ్లుగా తెలుసు. ఊరందరి సొరుగులూ మూసినవాడు తన సొరుగు జోలికి పోలేదు.

ఆ సర్వర్ పని చెప్పుకోవడానికి చిన్నదే. ఊరికి ఎగువన నది మీద గేట్లున్నాయి. అక్కడ కొలబద్ద చూసే మనిషి పది నిమిషాలకోసారి నీటిమట్టం ఫోన్లో కొట్టి పంపుతాడు. సర్వర్ దాన్ని రాసుకుని ఊరంతా చూసే పేజీలో పెడుతుంది. అయిదు మీటర్లు దాటిందా, పల్లపు వీధి ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగుతాయి, లేచి మెరకకి వెళ్లండని. ఆ వీధిలో ఆయన అక్క కుట్టుకొట్టు ఉంది. ఎగువన కొలబద్ద చూసేది ఆ అక్క మొగుడే.

అక్క అంటే ఆయనకి తల్లి కిందే లెక్క. తల్లి పోయేనాటికి ఆయనకి ఆరేళ్లు, ఆమెకి పదహారు. మిషను తొక్కి తొక్కి తమ్ముణ్ణి చదివించింది. కొట్టు వీధికన్నా నాలుగు మెట్లు దిగువన ఉండేది. మార్చమని ఆయన చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. "నువ్వు పేజీ పెట్టావుగా, ఇంకేం భయంరా నాకు?" అనేది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఫోన్ తీసి ఆ పేజీ చూపించి, మా తమ్ముడు చేశాడు అని చెప్పుకునేది. వాళ్లకి కావలసింది చొక్కా అయినా సరే, ముందు ఆ పేజీ చూడాల్సిందే.

ఇక మూతపడనివేమిటో చెప్పాలి. ఎవరు కొలత పంపినా, ఎవరు పేజీ తెరిచినా, సర్వర్ లోపల రెండు తెరుచుకుంటాయి: డేటాబేస్‌కి ఒక కనెక్షన్, రాసుకోవడానికి ఒక ఫైలు. పని కాగానే రెండూ మూయాలి. సవ్యంగా ముగిసినవాటికి మూసేది. మధ్యలో సిగ్నల్ తెగిపోయినవాటికి మాత్రం మూయకుండానే వదిలేసి తర్వాతి పనికి పోయేది. ప్రోగ్రాంలో మూయమని చెప్పే ఒక్క వరస అక్కడ రాయలేదు, అంతే. ఫోన్ పెట్టేసి అవతలివాడు వెళ్లిపోయాక కూడా ఇవతలివాడు రిసీవర్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నట్టు, అవి అలా పేరుకుపోయేవి. పేరుకుని వెయ్యీ ఇరవై నాలుగు అయ్యాయంటే సర్వర్ ఇక కొత్తది ఏదీ తెరవలేదు.

మామూలు రోజుల్లో సాయంత్రానికి అరవయ్యో డెబ్బయ్యో అయ్యేవి. ఆయన రోజూ తొమ్మిదింటికి వస్తూనే సర్వర్‌ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టేవాడు. అన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేవాడు. తప్పెక్కడుందో వెతికి, ఆ వరసేదో రాసేస్తే ఒక పూట పని. రేపు చూద్దాంలే అనుకునేవాడు. ఆ రేపు ఎనిమిదేళ్లు సాగింది.

దీనికి తోడు ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. ఒకసారి సర్వర్ కాసేపు మూగబోతే, కొలత పంపినవాళ్లకి "అందలేదు" అని వచ్చింది. వాళ్లు మళ్లీ మళ్లీ నొక్కారు, ఆఫీసుకి ఫోన్లు చేశారు. పైఅధికారి మండిపడ్డాడు. "ఆ అందలేదు అనే ముక్క ఇంకెప్పుడూ నా కంట పడకూడదయ్యా!" అన్నాడు. దాంతో చాదస్తం సర్వర్‌కి ముందు ఇంకో చిన్న ప్రోగ్రాం నిలబెట్టాడు. వెనకది పలకకపోతే ముందుది చివరి పేజీనే మళ్లీ చూపిస్తుంది, వచ్చిన కొలతని వరసలో పెట్టుకుని "అందింది" అని జవాబిస్తుంది. వెనకది ఎప్పుడు లేస్తే అప్పుడు రాసుకుంటుంది. ఫోన్లు రావడం ఆగిపోయింది. అధికారి భుజం తట్టాడు.

ఆ రోజు తెల్లారేసరికే వాన పట్టుకుంది. చాదస్తం తొమ్మిదింటికి తన అలవాటు ప్రకారం సర్వర్‌ని కడిగేసి కూర్చున్నాడు. పదకొండున్నరకి అధికారి వచ్చి తెర మీదికి వంగి చూశాడు.

"నాలుగు పాయింట్ ఒకటి. నిలకడగానే ఉందిగా. ఊరికే కంగారుపడుతున్నారు జనం" అన్నాడు.

నిజమే, నాలుగు పాయింట్ ఒకటి. పది నిమిషాల క్రితమూ అంతే. అంతకు ముందూ అంతే. బయట కిటికీ అద్దాల మీద వాన కుండపోతగా కొడుతోంది. పేజీలో నది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. చాదస్తం వెనక్కి చూసుకుంటూ వెళ్లాడు. నలభై నిమిషాలుగా ఆ అంకె కదల్లేదు. వానే లేని రోజుల్లో కూడా బావ పంపే కొలత రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది.

సర్వర్‌లో తెరిచి ఉన్నవాటి లెక్క చూశాడు. వెయ్యీ ఇరవై నాలుగు. ఒక్కటి తక్కువ లేదు, ఒక్కటి ఎక్కువ లేదు. వానకి ఊరంతా పేజీ తెరుస్తోంది, వానకే సిగ్నళ్లు తెగుతున్నాయి, తెగినవల్లా లోపల మిగిలిపోయాయి. తెర నిండా అవే వరసలు, అవతలివాళ్లు వెళ్లిపోయి ఇవతల మూతపడనివి.

ఒక చేత్తో సర్వర్‌ని ఆపమని కొట్టాడు, ఇంకో చేత్తో అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, కొట్టు వదిలెయ్. ఉన్నపళంగా పైకొచ్చెయ్."

"ఏమైందిరా? సాయంత్రానికి అయిదు చొక్కాలివ్వాలి."

"నీళ్లొస్తున్నాయక్కా!"

"ఎక్కడొస్తున్నాయ్? ఇప్పుడేగా చూశాను. నాలుగు పాయింట్ ఒకటి."

"ఆ అంకె తప్పు. నా మాట విను, లే."

ఆమె నవ్వింది. వెనక మిషను టకటకమంటూనే ఉంది. "చిన్నప్పుడూ ఇంతే నువ్వు. ఉరిమితే చాలు, మంచం కింద దూరేవాడివి. నీ భయం కన్నా నీ పేజీయే నాకు నమ్మకంరా. అయిదు దాటితే ఫోన్ అదే మోగుతుందన్నావుగా? మోగనీ, లేస్తాను."

"అక్కా, నీకు దండం పెడతాను..."

సర్వర్ ఆగడం లేదు. తెరిచి ఉన్నవి ముగిసేదాకా ఆగాలని దాని రివాజు. అవి ముగిసేవి కావు. ఆయన తిట్టుకుంటూ బలవంతాన చంపి, మళ్లీ లేపాడు. ఒక నిమిషం పోయింది. అది లేచీ లేవగానే వరసలో కాచుక్కూర్చున్న కొలతలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. నాలుగు పాయింట్ అయిదు. అయిదు. అయిదున్నర. అయిదు పాయింట్ తొమ్మిది. ఆరు పాయింట్ మూడు.

చెవిలో ఫోన్ అలారం మోగింది. ఆమెది ఒక్కటే కాదు, వీధి వీధంతా మోగుతోంది. మిషను చప్పుడు ఆగింది.

"ఇప్పుడా?" అంది అక్క. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. "తమ్ముడూ, మెట్ల మీద నుంచి..."

ఆ తర్వాత నీళ్ల హోరు. ఆ తర్వాత అదీ లేదు.

వీధిలో మేడ మెట్లు ఎక్కినవాళ్లు బతికారు. నాలుగు మెట్లు దిగువన ఉన్న ఆమెకి తలుపు నెట్టుకుని రావడం కుదరలేదు. నీరు తీశాక, మర్నాడు బయటికి తెచ్చారు.

మూడో రోజు బావ ఆఫీసుకొచ్చాడు. గడ్డం మాసి ఉంది, బూట్లకి ఇంకా బురద ఉంది. చాదస్తం లేచి నిలబడ్డాడు.

"నేను అయిదుసార్లు పంపాను, బావమరిదీ" అన్నాడు బావ, నెమ్మదిగా. "అయిదుసార్లూ అందిందనే వచ్చింది. అందింది కదా, ఈపాటికి అందరితో పాటు మెరకకి వెళ్లిపోయి ఉంటుందిలే అని ఫోన్ కూడా చెయ్యలేదు. ఎవరికి అందింది?"

అబద్ధం చెప్పాలంటే వంద దొరుకుతాయి. వాన ఉంది, సిగ్నల్ ఉంది, అధికారి ఉన్నాడు.

"ఎవరికీ అందలేదు బావా. అందిందని రాసిపెట్టింది నేనే."

బావ ఆయన ముఖంలోకి చూశాడు. కొడతాడేమో అనుకున్నాడు ఆయన. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. బావ కొట్టలేదు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"పోనీలే. ఈ సంగతి దానికి తెలీదు. నిన్ను నమ్ముతూనే పోయింది."