తువ్వాలు వేసిన సీటు

కొత్తపేటలో రాజోలు బస్సెక్కేసరికి ఒక్క సీటే మిగిలింది. దాని మీద తువ్వాలు వేసి ఉంది.

"మా తమ్ముడికండీ. గన్నవరంలో ఎక్కుతానన్నాడు. ఫోనెత్తట్లేదండీ," అన్నారు పక్క సీట్లోని పెద్దావిడ.

గన్నవరం దాటాం. అతను ఎక్కలేదు. ఆవిడ తువ్వాలు తియ్యలేదు. నేను ఆ సీటు పక్కనే నిలబడ్డాను.

"మీరేం చేస్తారండీ?" అనడిగారావిడ.

"కాలేజీలో కంప్యూటర్లు చెప్తానండీ."

"మనిషొస్తాడో రాడో కంప్యూటరు ముందే చెప్తుందాండీ?"

"తను మొదలెట్టిన లెక్క ఎప్పటికైనా ఆగుతుందో లేదో కూడా అన్నిసార్లూ ముందే తేల్చలేదండీ. ఆగితే తెలుస్తుంది. ఆగకపోతే, ఎంతసేపు చూసినా ఇంకా ఆగలేదనే తెలుస్తుంది."

"ఆయ్," అంటూ తువ్వాలు మడత సరిచేశారు. "మరి చూడ్డం ఎప్పుడు మానాలండీ?"

తర్వాతి స్టాపులో ఎక్కినాయన ఆ తువ్వాలు తియ్యబోతే, "మనిషొస్తున్నారండీ," అన్నది నేనే.