తొలి స్విచ్చి అక్కది

మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్‌కి పొద్దున్నే మొదటి స్విచ్చి వేసేది, ఇన్‌స్టిట్యూట్ నడిపే సారు వాళ్ళావిడ. ఆమెను నేను అక్కా అనేదాన్ని. కింద ఇంట్లో స్నానం, పూజ ముగించుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చేది. స్టెబిలైజర్ స్విచ్చి, ఆ తర్వాత పెట్టె స్విచ్చి వేసి, తెరకు దండం పెట్టుకుని దిగిపోయేది. ఆపైన రోజంతా ఆ మిషను నాదే. డిస్కులు మార్చేదాన్ని, పాఠం చెప్పేదాన్ని, సాయంత్రం ఆర్పేదాన్ని. ఆర్పడానికి నా చెయ్యి పనికొచ్చేది గానీ వెలిగించడానికి పనికొచ్చేది కాదు.

ఎందుకో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. పెళ్ళైన కొన్నాళ్ళకే నా భర్త జ్వరంతో పోయాడు. అప్పటినుంచి జహీరాబాద్‌లో అన్న ఇంట్లో ఉంటున్నాను. వదిన చెడ్డది కాదు గానీ, ఆ వంటింట్లో నేను కూర్చునే పీట ఎప్పుడూ ఎవరికో ఒకరికి అడ్డంగానే ఉండేది. అక్క కూడా చెడ్డది కాదు. మధ్యాహ్నం తను తినేముందే నాకు జొన్నరొట్టె, తొక్కు పైకి పంపేది. అందుకే ఆమె మీద సరిగ్గా కోపం తెచ్చుకోవడం కూడా నాకు చేతకాలేదు. లోపల మాత్రం మండేది.

ఎనభైల చివరినాటి మాట ఇది. కంప్యూటరంటే హైదరాబాద్ ఆఫీసుల్లో ఉంటుందట అని చెప్పుకునే రోజులు. సారు అక్కడినుంచి పాతది ఒకటి కొని, బొంబాయి వెళ్ళే లారీలో పరుపుల మధ్య పెట్టించి తెప్పించాడు. తను నేర్చుకోబోతే కళ్ళు తిరిగాయట, నన్ను హైదరాబాద్ పంపాడు. నేర్చుకుని వచ్చాక నా బతుకే మారింది. చిరాగ్‌పల్లి నుంచి, మొగుడంపల్లి నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు నన్ను మేడం అనేవాళ్ళు. ఆ పిలుపు కోసమే పొద్దున లేచేదాన్ని. ఆ కుర్చీ పోతే నాకు మిగిలేది వదిన వంటింట్లో పీటే.

ఆ మిషనుకు తనంతట తాను లేచే తెలివి లేదు. స్విచ్చి వేశాక, నల్లటి పల్చటి డిస్కు ఒకటి దాని నోట్లో పెట్టి గొళ్ళెం తిప్పాలి. అందులోంచి చదువుకుని లేచేది. అలాంటి డిస్కులు మా దగ్గర రెండే ఉండేవి. ఒకటి రోజూ వాడేది, రెండోది అవసరానికి బీరువాలో దాచింది. పని లేనప్పుడు ఆ నోట్లోకి దుమ్ము పోకుండా ఒక అట్టముక్క దూర్చి పెట్టేదాన్ని.

ఆ ఏడు దసరాకు టైపు మిషన్లతో పాటు దానికీ పూజ చేశారు. టైపు మిషన్లకు ఏటా జరిగేదే: పసుపు, కుంకుమ, బంతిపూలు, చివర్లో అందరూ గుప్పిళ్ళతో అక్షింతలు వెయ్యడం. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. అక్కడ నిలబడమని ఎవరూ అనలేదు, నా కాళ్ళే ఆగాయి. అక్కడినుంచి వీపులు తప్ప ఏమీ కనబడలేదు. అక్క గొంతు మాత్రం అందరికన్నా పైన వినిపించింది.

"ఎయ్యుండ్రి, మంచిగ ఎయ్యుండ్రి. కొత్త మిషనుకు ఇంకిన్ని ఎయ్యుండ్రి!"

పండగ సెలవులయ్యి తరగతులు మొదలైన రోజున అక్క ఊళ్ళో లేదు. బీదర్‌లో పుట్టింటికి పోయి, మధ్యాహ్నం బస్సుకు వస్తానంది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. సారు గడియారం చూశాడు, మెట్ల వైపు చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"నువ్వే ఎయ్యి బిడ్డా. ఏం గాదు."

ఏం కాదు అనడంలోనే ఏదో అవుతుందన్న భయం ఉంది. నేను వేశాను. పెట్టెలో పంకా తిరిగింది. అట్టముక్క కనబడలేదు, పూజలో చూడ్డానికి బాగాలేదని ఎవరో తీసేసి ఉంటారనుకున్నాను. డిస్కు పెడితే గొళ్ళెం కాస్త బిగువుగా తిరిగింది. మరుక్షణం లోపల ఇసుక నమిలినట్టు గరగరా చప్పుడు. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి నిలబడింది. ఇది పనికిరాదు, సరైన డిస్కు పెట్టి ఏదైనా మీట నొక్కమని. నొక్కాను. మళ్ళీ అదే గరగర, అదే వాక్యం.

 ఇన్నాళ్ళూ అక్క వేస్తే లేచిన మిషను, నేను వేసిన మొదటిరోజే మొండికేసింది.

ఆర్పేశాను. స్టెబిలైజర్ ముల్లు చూశాను. పొలాల్లో మోటార్లు నడిచే వేళ మా ఊళ్ళో కరెంటు నీరసించేది గానీ, ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. వెనక వైర్లన్నీ పీకి మళ్ళీ బిగించాను. మీటల పలక ఊడదీసి పెట్టాను. ప్లగ్గు మార్చాను. ప్రతిసారీ దేవుడికి మొక్కి స్విచ్చి వెయ్యడం, ప్రతిసారీ అదే గరగర.  బయట రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు వణికేవి. అప్పుడల్లా బీదర్ బస్సే వచ్చేసిందనిపించి మెట్ల వైపు చూసేదాన్ని.

డిస్కు తీసి వెలుతురులో చూశాను. నల్లటి పొర మీద గుండ్రంగా సన్నని గీత పడింది. వేలు తగిలినా పాడవుతుందని నాకు నేర్పిన వస్తువు అది. ఇక దానిమీద ఆశ లేదు.

"ఇంకోటున్నది గద, అది పెట్టి జూడు," అన్నాడు సారు.

"లోపల్నే ఏదన్న గీస్తుంటె అది గూడ పోతది సారు. అది పోతె మిషనుకు మల్ల పానం రాదు."

సారు తల పట్టుకున్నాడు. పిల్లల్ని టైపు మిషన్ల దగ్గరికి పంపేసి, గొంతు తగ్గించాడు.

"మీ అక్క వచ్చి అడిగితె ఏం జెప్పాలె? నువ్వేసినవనే చెప్పాలె గద. నేనైతె ఇసుంటివి నమ్మ. గని ఇంట్ల గడవాలె. జర సమజ్ చేస్కో బిడ్డా, మిషను లేవకుంటె నిన్నెట్ల పెట్టుకోవాలె?"

నమ్మనన్న మనిషే ఆ మాటన్నాడు. కోపంతో ఏడుపొచ్చింది. ఏడిస్తే అదీ అపశకునమంటారని మింగేశాను. హైదరాబాద్‌కు ఫోను బుక్ చేసి వస్తానని ఆయన పోస్టాఫీసుకు వెళ్ళాడు. ఒంటరిగా ఆ తెర ముందు కూర్చున్నప్పుడు నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇంతమంది అనుకుంటున్నారంటే నిజంగానే నా చేతిలో ఏదైనా ఉందేమో అని. అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆ భయం ముందు ఉద్యోగం పోతుందన్న భయం చిన్నదైపోయింది.

"మేడం, గీ మీట కొడ్తె మల్ల పైకి లేస్తలేదు," అని టైపు దగ్గరినుంచి ఒక పిల్ల పిలిచింది.

వెళ్ళి చూశాను. దసరా తర్వాత ఏ టైపు మిషనుకైనా వచ్చే జబ్బే అది. కడ్డీల మధ్య బ్రష్షుతో కెలికితే పసుపు బియ్యపు గింజ ఒకటి టప్పున రాలింది. పూజ అయ్యాక మిషన్లు పక్కకు వంచి అక్షింతలు దులపడం ఏటా మాకున్న పనే. టైపు మిషనుకు ఒళ్ళంతా కంతలే కాబట్టి వేసినవి వేసినట్టు రాలిపోయేవి. అందుకే ఎవరూ చేతులు వెనక్కి తీసేవాళ్ళు కాదు.

గింజను వేళ్ళ మధ్య పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అట్టముక్క తీసేసిన నోరు గుర్తొచ్చింది. బిగువుగా తిరిగిన గొళ్ళెం గుర్తొచ్చింది.

టైపు మిషన్లు విప్పే స్క్రూడ్రైవరు తెచ్చాను. మూత మాత్రం తియ్యొద్దని హైదరాబాద్‌లో మరీ మరీ చెప్పారు. తీశాను. డిస్కు కూర్చునే చోట, పసుపుకు ముద్దకట్టి, నెయ్యికి అంటుకుని, అక్షింతలు. గింజగింజా పట్టకారుతో ఏరి అరచేతిలో వేసుకుంటుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా చెయ్యి ఏ పాపమూ చెయ్యలేదు. చల్లని చేతులన్నీ కలిసి మనసారా దీవించి దాని గొంతులో బియ్యం పోశాయి.

స్పిరిటు గుడ్డతో తుడిచి మూత బిగించాను. బీరువాలోంచి రెండో డిస్కు తీశాను. అది కూడా గీసుకుపోతే ఇక దిక్కు లేదు. అప్పుడు చూసుకుంటే అరచేతిలో అక్షింతలు ఇంకా అలాగే ఉన్నాయి. కింద వేస్తే ఎవరైనా తొక్కుతారు, తొక్కకూడదని చిన్నప్పటినుంచి విన్నదే. అక్షింతలు పడాల్సిన చోటు తల. నా భర్త పోయినప్పటినుంచి నా తల మీద ఎవరూ ఒక్క గింజ వెయ్యలేదు. నేనే వేసుకున్నాను.

స్విచ్చి వేసి, డిస్కు పెట్టి, గొళ్ళెం తిప్పి కళ్ళు మూసుకున్నాను. గరగర రాలేదు. టిక్కు టిక్కుమని మెల్లగా చదువుకుంటున్న చప్పుడు. కళ్ళు తెరిచేసరికి తెర మీద పచ్చటి అక్షరాలున్నాయి.

సారు, అక్క కలిసే వచ్చారు. ఆమె బస్సు దిగుతుంటే సారు ఎదురుపడ్డాడట, జరిగిందంతా దారిలోనే ఆమె చెవిన పడింది. చేతిలో సంచి కూడా దించకుండా మెట్లెక్కి వచ్చి, వెలుగుతున్న తెరను చూసింది.

"లేచిందా? ఎవరేసిన్రు?"

"నేనే ఏసిన అక్కా. లోపల అచ్చింతలు పడి ఇరుక్కున్నయి. తీసేసిన." పసుపంటిన గుడ్డ చూపించాను.

సారు గుడ్డను చూసి గోడ వైపు తిరిగాడు. అక్క చూపు మాత్రం నా పాపిట మీద ఆగింది. అక్కడ గింజేదో చిక్కుకున్నట్టుంది. తీసెయ్యడానికి చెయ్యి చాపబోయి ఆగిపోయింది.

"ఇవెవరేసిన్రు చెల్లె?"

"నేనే ఏసుకున్న," అన్నాను. "ఇంకెవరేస్తరక్కా?"

ఆమె అప్పుడు సంచి కింద దించింది. గింజను మాత్రం తియ్యలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని మెట్లెక్కి వచ్చింది. స్టెబిలైజర్ దగ్గరికి పోకుండా, నేను స్విచ్చి వేసేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.